ట్రస్ట్ అకౌంట్‌లో 270 డాలర్ల తేడా. "ఆఫీసు డబ్బు వేసి సరిచేసెయ్" అంటున్నారు. ఏం చేయాలి?

టార్నీట్_మాధురి
మెల్‌బోర్న్ పడమటి వైపు ఒక చిన్న లా ఆఫీసులో ట్రస్ట్ అకౌంట్ (క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే ఖాతా) పని చూస్తున్నాను. ఇద్దరు లాయర్లు, నేను, రిసెప్షన్‌లో ఒకావిడ, అంతే. ఎక్కువగా ఇళ్ల కొనుగోళ్లు, అమ్మకాలు, కొన్ని విడాకుల కేసులు. చేరి 7 నెలలైంది. అంతకుముందు విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర రెండేళ్లు పనిచేశాను కానీ, లాయర్ దగ్గర క్లయింట్ డబ్బుకి ఇంత విడి లెక్క ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఆగస్టు రికన్సిలియేషన్ (మా లెక్కని బ్యాంకు లెక్కతో పోల్చి సరిచూడటం) కుదరడం లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో నిల్వ 4,12,318.60 డాలర్లు. మా క్యాష్ బుక్‌లో 4,12,588.60. సరిగ్గా 270 తేడా. క్లయింట్ల లెడ్జర్లన్నీ (ఒక్కొక్కరి విడి పద్దులు) కూడితే క్యాష్ బుక్‌తో సరిపోతున్నాయి. బ్యాంకుతోనే కలవడం లేదు. మూడు రోజులుగా వెతుకుతున్నా.

నిన్న సాయంత్రం పెద్ద లాయర్ గారికి చెప్పాను. "ఆఫీసు అకౌంట్ నుంచి 270 వేసి, అడ్జస్ట్‌మెంట్ అని రాసి ఇంటికి వెళ్లు" అన్నారు. నెల ముగిశాక 15 పనిరోజుల్లో ఇది పూర్తి చేసి పెట్టాలి. ఇవాళ 11వ రోజు. ఆయన చెప్పినట్టు చేస్తే రేపు నా మీదకు వస్తుందా? చేయకపోతే ఉద్యోగం పోతుందా? 485 వీసా (ఇక్కడ చదువు అయ్యాక ఇచ్చే తాత్కాలిక వీసా) మీద ఉన్నాను. రాత్రుళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

వెరిబీ_వాసు
270 డాలర్లకి మూడు రోజులా అక్కా? మీ మూడు రోజుల జీతం అంతకన్నా ఎక్కువ. ఆయనే వేయమంటున్నారు, ఆయన డబ్బే పోతోంది, క్లయింట్‌కి నష్టం లేదు. వేసేసి హాయిగా పడుకోండి.

బ్యాంకు_బాబాయ్
అమ్మా మాధురీ, ముందు భయం పక్కన పెట్టు. నేను గుంటూరు జిల్లాలో 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. తేడా 9తో భాగిస్తే పోతుందా అని చూడటం మా రోజుల్లో మొదటి పని. 270 పోతుంది. అంటే ఎవరో పక్కపక్క అంకెలు తారుమారు చేశారని అనుమానించాలి. ఇంకొంచెం ముందుకెళ్లు. 270ని 90తో భాగిస్తే 3. అంటే తారుమారైంది వందల స్థానం, పదుల స్థానం. ఆ రెండు అంకెల మధ్య తేడా 3. 1-4, 2-5, 3-6, 4-7, 5-8, 6-9, లేదా 0-3. ఆ జంటలున్న పద్దులు మాత్రం బ్యాంకు లైను పక్కన పెట్టి చూడు. అరగంట పని.

అది కాకపోతే తేడాలో సగం, అంటే 135 ఉన్న పద్దు వెతుకు. ఖర్చు రాయాల్సింది జమ వైపు రాస్తే అలా వస్తుంది.

వాసూ, క్లయింట్‌కి నష్టం లేదని నువ్వెలా తేల్చావయ్యా? తేడా ఎక్కడుందో తెలియకుండా నష్టం ఎవరిదో ఎలా తెలుస్తుంది?

వెరిబీ_వాసు
బాబాయ్ గారూ, ఆ 9 సంగతి నాకు తెలియదు, బాగుంది. కానీ నా మాట అదే. ప్రాక్టికల్‌గా ఆలోచించాలి. వీసా మీద ఉన్న అమ్మాయి బాస్‌తో గొడవ పెట్టుకోకూడదు.

పారమట్టా_ప్రసాద్
నాది లా ఆఫీసు కాదు, సిడ్నీలో ప్రాపర్టీ మేనేజ్‌మెంట్. మాకూ ట్రస్ట్ అకౌంటే. అద్దెలు అందులోకే వస్తాయి, అక్కడి నుంచే ఓనర్లకి వెళ్తాయి. నాకు బుద్ధి వచ్చిన సంగతి చెప్తాను.

ఒక ఓనర్ ఇంట్లో కుళాయి కారుతుంటే ప్లంబర్‌ని పిలిచాం. బిల్లు 385 డాలర్లు. ఆ వారం ఆయన అద్దె ఇంకా పడలేదు. "రేపో మాపో వస్తుందిలే" అని బిల్లు కట్టేశాను. ట్రస్ట్ అకౌంట్‌లో మొత్తం లక్షల్లో ఉంది కాబట్టి బ్యాంకు ఏమీ అనలేదు. కానీ ఆయన లెడ్జర్‌లో ఉన్నది సున్నా. మరి ఆ 385 ఎవరివి? మిగతా ఓనర్లవి. అంటే ఊరందరి డబ్బుతో ఆయన కుళాయి బాగు చేయించాను. ఆడిటర్ గారు ఆ లైను మీద పెన్ను పెట్టి, "ఈ రోజు ఈ 385 ఏ ఓనర్ దగ్గర అడిగి తీసుకున్నావు?" అన్నారు. నోట మాట రాలేదు.

మాధురీ, మొత్తం సరిపోయిందా అని చూస్తే చాలదు. ఒక్కొక్కరి లెడ్జర్ విడిగా చూడాలి.

ఎర్రపెన్ను
విక్టోరియాలో (మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రం) లా ఆఫీసుల ట్రస్ట్ అకౌంట్లకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా, అంటే ఏటా బయటి నుంచి వచ్చి లెక్కలు చూసే మనిషిగా, కొన్నేళ్లుగా చేస్తున్నాను. ప్రసాద్ గారు చెప్పిన కుళాయి కథే లాయర్లకు చట్టంలో రాసి ఉంది. 2015 జూలై 1 నుంచి విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో లీగల్ ప్రొఫెషన్ యూనిఫాం లా అమల్లో ఉంది. 2022లో వెస్టర్న్ ఆస్ట్రేలియా కూడా చేరింది. అందులో సెక్షన్ 148 ప్రకారం ట్రస్ట్ అకౌంట్‌లో గానీ, ఏ ఒక్క క్లయింట్ లెడ్జర్‌లో గానీ సరైన కారణం లేకుండా లోటు తేకూడదు. తెస్తే నేరం. మొత్తం నిల్వ ఎంత పెద్దదైనా సరే, ఒక్క లెడ్జర్ ఎర్రగా మారితే అది లోటే.

మాధురి గారూ, డబ్బు వేయడం తప్పు కాదు. లోటు నిజంగా ఉంటే ఆఫీసు డబ్బుతో వెంటనే పూడ్చి తీరాలి. వాసు గారి మాటలో ఆ మేరకు న్యాయం ఉంది. తప్పల్లా కారణం తెలుసుకోకుండా వేయడం, "అడ్జస్ట్‌మెంట్" అన్న ఒక్క మాట వెనక దాన్ని కప్పేయడం. లోటే లేకుండా ఊరికే వేస్తే అదింకో తప్పు. క్లయింట్ల డబ్బుతో సొంత డబ్బు కలపకూడదని సెక్షన్ 146 చెబుతుంది. కాబట్టి ముందు వెతకండి. బాబాయ్ గారు చెప్పిన పద్ధతి బంగారం.

కొత్తిల్లు_కిరణ్
పోయిన నెల ఇల్లు కొన్నాం. 10 శాతం డిపాజిట్ ఏజెంట్ ట్రస్ట్ అకౌంట్‌లో ఉందన్నారు. ఈ చర్చ చదివాక గుండె దడదడలాడుతోంది. ఆ డబ్బు భద్రమేనా?

ఎర్రపెన్ను
కిరణ్ గారూ, భద్రంగా ఉండాలనే ఈ తంతు అంతా. సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు మీ పేరుకి మారే రోజు) దాకా అది అమ్మినవారిది కాదు, ఏజెంట్‌దీ కాదు. మధ్యలో అమ్మినవారికి ముందుగా ఇవ్వాలంటే విక్టోరియాలో 1962 నాటి సేల్ ఆఫ్ ల్యాండ్ చట్టంలోని సెక్షన్ 27 ప్రకారం మీ ముందుకు ఒక పత్రం వస్తుంది. అది మీ లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి. డిపాజిట్ కట్టినప్పుడు రసీదు తీసుకున్నారు కదా? దాని మీది అంకె, మీ బ్యాంకు నుంచి వెళ్లిన అంకె ఒకటేనా అని ఇప్పుడే చూడండి.

కొత్తిల్లు_కిరణ్
చూశాను, ఒకటే. ఊపిరి పీల్చుకున్నా.

లెస్టర్_లత
ఇంగ్లండ్ నుంచి. ఇక్కడ 2023లో యాక్సియమ్ ఇన్స్ అనే సొలిసిటర్ల (లాయర్ల) సంస్థలో క్లయింట్ల డబ్బు 60 మిలియన్ పౌండ్లకు పైగా కనపడకుండా పోయింది. నియంత్రణ సంస్థ రంగంలోకి దిగి సంస్థను మూసేసింది, సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ దర్యాప్తు మొదలుపెట్టింది. ఇళ్ల కోసం దాచుకున్న డబ్బు అందులో ఇరుక్కుపోయినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. మా దగ్గర కనీసం 5 వారాలకోసారి రికన్సిలియేషన్ చేయాలన్న నియమం అప్పుడూ ఉంది. నియమం ఉండటం వేరు, ఆ కాగితాన్ని ఎవరో ఒకరు నిజంగా చదవడం వేరు.

వెరిబీ_వాసు
60 మిలియన్లకీ 270కీ పోలికా లతగారూ?

లెస్టర్_లత
పోలిక అంకెలో లేదు వాసుగారూ. "ఇవాళ వాడుకుని రేపు పెట్టేద్దాం" అన్న అలవాటు దగ్గర ఉంది.

సిటీసివిల్_శ్రీధర్
హైదరాబాద్‌లో లాయర్‌ని. మన దగ్గర ఏమీ లేదని ఎవరూ అనుకోకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో స్పష్టంగా ఉంది. క్లయింట్ డబ్బుకు లెక్క రాయాలి. వచ్చింది ఫీజా, ఖర్చులకా అని పద్దులోనే చూపించాలి. ఖర్చులకని ఇచ్చిన డబ్బును క్లయింట్ రాతపూర్వక అనుమతి లేకుండా ఫీజు కింద జమ చేసుకోకూడదు. చేతిలో ఉన్న క్లయింట్ డబ్బును అప్పుగా మార్చుకునే ఏర్పాటూ కుదరదు. అడిగితే లెక్క నకలు ఇవ్వాలి. చార్టర్డ్ అకౌంటెంట్లకూ 1949 చట్టం రెండో షెడ్యూల్లో ఇలాంటిదే ఉంది. క్లయింట్ డబ్బు విడి బ్యాంకు ఖాతాలో ఉంచకపోతే వృత్తి దుష్ప్రవర్తనే.

కాకపోతే ఏటా బయటి మనిషి వచ్చి మా లెక్కలు చూసే ఏర్పాటు మా లాయర్లకు లేదు. నా వరకు నేను రెండు ఖాతాలు పెట్టుకున్నాను. తోటివాళ్లు "నీకెందుకయ్యా ఈ గోల" అంటారు.

తెనాలి_అమ్మాయి
శ్రీధర్ గారి మాటకి నా అనుభవం. మా నాన్న భూసేకరణ పరిహారం కేసు 9 ఏళ్లు నడిచింది. ఖర్చులకని విడతలవారీగా డబ్బు ఇచ్చాం. ఒక్క రసీదు లేదు. చివర్లో నాన్న లెక్క అడిగితే, "ఇన్నేళ్లు నమ్మి ఇప్పుడు లెక్క అడుగుతున్నారా పెద్దాయనా" అన్నారట. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి తప్పు తనదే అయినట్టు తల దించుకుని కూర్చున్నారు. నకలు అడిగే హక్కు ఉందని ఇవాళే చదువుతున్నాను. ఆయన ఉండగా తెలిస్తే బాగుండేది.

బ్యాంకు_బాబాయ్
అమ్మా తెనాలి, చదివి మనసు పాడైంది. మీ నాన్నగారు అడిగింది న్యాయమైన మాట. మా పల్లెల్లో షావుకారు కూడా ఏడాదికోసారి చిట్టా, ఆవర్జా తెరిచి రైతు ఎదుట చదివేవాడు. లెక్క చెప్పడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

సోలో_సుధ
సిడ్నీలో ఒంటరిగా ప్రాక్టీస్ చేస్తున్న సొలిసిటర్‌ని. నా గోడు కాస్త వినండి. "మీ కంప్లయన్స్ (నిబంధనలు పాటించే పని) అంతా మేమే చూసుకుంటాం" అంటూ నెలనెలా డబ్బు కట్టే ప్యాకేజీలతో ఫోన్లు. ఒకరి దగ్గర తీసుకున్నాను. 80 పేజీల పాలసీ పంపారు. అందులో నేను ఎన్నడూ చేయని క్రిమినల్ కేసుల గురించి కూడా రాసి ఉంది. నెల రికన్సిలియేషన్ వాళ్లే చేసి పంపేవారు. నేను చూడకుండా సంతకం పెట్టేదాన్ని. ఒక నెలలో బ్యాంకు తన చార్జీలు ట్రస్ట్ అకౌంట్ నుంచి కోసుకుంది. వాళ్లు దాన్ని "ఇతరాలు" అని పడేశారు. అంటే నా బ్యాంకు ఖర్చు క్లయింట్లు కట్టారన్నమాట. ఏడాది చివర ఎగ్జామినర్ పట్టుకున్నారు. ప్యాకేజీవాళ్లు "చివరి బాధ్యత మీదేనని ఒప్పందంలో ఉంది" అన్నారు. నిజమే, ఉంది.

ఎర్రపెన్ను
సుధ గారూ, సాయం కొనుక్కోవచ్చు, బాధ్యతను అమ్ముకోలేం. లైసెన్సు మీ పేరున ఉన్నంతకాలం ఆ సంతకం మీదే. నేనైతే ఏ సర్వీసువాళ్లని పెట్టుకున్నా ఒక్క ప్రశ్న అడగమంటాను: "ఈ నెల ఏ పద్దు మీకు అర్థం కాలేదు?" ప్రతి నెలా "అన్నీ బాగున్నాయి" అనే వాళ్లు చూడటం లేదని అర్థం. ఇంకోటి, నెలనెలా పుస్తకాలు రాసే మనిషే ఏడాది చివర పరీక్షకుడిగా రాకూడదు. తన చేతిరాత తనకి ఎప్పుడూ తప్పుగా కనపడదు.

ఇప్పుడు దీనికి తోడు మనీ లాండరింగ్ నిబంధనలు. 2026 జూలై 1 నుంచి లాయర్లు, అకౌంటెంట్లు, రియల్ ఎస్టేట్ ఏజెంట్లు చేసే కొన్ని పనులు మనీ లాండరింగ్‌ని చూసే ప్రభుత్వ సంస్థ ఆస్ట్రాక్ పరిధిలోకి వస్తాయి. ఆ పేరు చెప్పి ప్యాకేజీలు ఇంకా పెరుగుతాయి. చదవకుండా కొనకండి.

టార్నీట్_మాధురి
దొరికింది!!! బాబాయ్ గారూ, మీ పాదాలకు దండం.

4-7 జంట. ఆగస్టు 6న ఒక క్లయింట్ ట్రాన్స్‌ఫర్ చేసింది 5,472. నేను రసీదు రాసింది 5,742. ఆ రోజు ఆయన పంపిన బ్యాంకు స్లిప్పు ఫొటో ఫోన్‌లో చిన్నగా ఉంది, రిసెప్షన్ ఆవిడ సెలవు, ఫోన్లు నేనే ఎత్తుతున్నాను. ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. నా చేత్తో నేనే కొట్టిన అంకె.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఆ కొనుగోలు మధ్యలో రద్దయింది. ఆగస్టు 27న ఆయన లెడ్జర్‌లో ఉన్నదంతా వెనక్కి పంపాం. లెడ్జర్‌లో ఉన్నది 5,742 కాబట్టి అంతా పంపాం. అంటే ఆయన ఇచ్చినదాని కన్నా 270 ఎక్కువ వెళ్లింది. చేతులు వణుకుతున్నాయి. తప్పు నాదే. ఇప్పుడు బయటపెడితే ముందు నేనే దొరుకుతాను.

పారమట్టా_ప్రసాద్
ఇదే నా కుళాయి. ఆ 270 మిగతా క్లయింట్లది.

వెరిబీ_వాసు
ఇప్పుడు కారణం తెలిసిపోయింది కదా. ఆఫీసు నుంచి 270 వేస్తే లోటు పూడుతుంది. ఎర్రపెన్ను గారే అన్నారు పూడ్చాలని. ఇక ఎవరికీ చెప్పాల్సిన పనేముంది? మాధురి గారి మంచికోరే అంటున్నా.

ఎర్రపెన్ను
చెప్పాల్సిన పని ఉంది వాసు గారూ. సెక్షన్ 154 ప్రకారం ట్రస్ట్ అకౌంట్‌లోనో, లెడ్జర్‌లోనో అవకతవక ఉందని తెలిసిన లాయరు వీలైనంత త్వరగా నియంత్రణ సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. విక్టోరియాలో అది లీగల్ సర్వీసెస్ బోర్డు. ఇంతకన్నా తక్కువ మొత్తమైతే చెప్పక్కర్లేదు అన్న మినహాయింపు అందులో రాసి లేదు. మాధురి గారు లాయరు కాదు, కాబట్టి ఆ నోటీసు ఇవ్వాల్సింది వాళ్ల పెద్ద లాయరు. మాధురి గారు చేయాల్సింది ఆయనకు కాగితం మీద చెప్పడం.

మాధురి గారూ, ఇది కాస్త నెమ్మదిగా చదవండి. ఏడాది లెక్క మార్చి 31తో ముగుస్తుంది, నా రిపోర్టు మే నెలాఖరుకి వెళ్లాలి. నేను ఆఫీసుకి వచ్చి కూర్చున్నప్పుడు అన్ని పద్దులూ చూడను, చూడలేను. కొన్ని ఫైళ్లు తీస్తాను. ఒక జమ పట్టుకుని బ్యాంకు నుంచి రసీదుకి, రసీదు నుంచి లెడ్జర్‌కి, అక్కడి నుంచి ఫైల్లో ఉత్తరానికి నడుస్తాను. ఫీజు తీసుకున్నచోట ముందు బిల్లు వెళ్లిందా, అభ్యంతరానికి ఇవ్వాల్సిన 7 పనిరోజులు ఇచ్చారా, లేదా క్లయింట్ రాసిచ్చిన ఒప్పందం ప్రకారం నోటీసు పంపారా అని చూస్తాను. ఏళ్ల తరబడి కదలని నిల్వలు చూస్తాను. నగదుగా తీసినట్టు ఎక్కడైనా ఉందా చూస్తాను, ఎందుకంటే చెక్కు లేదా ఎలక్ట్రానిక్ బదిలీ తప్ప వేరే దారిలో డబ్బు బయటకు వెళ్లకూడదు. రికన్సిలియేషన్ కాగితం మీద అంకెల కన్నా ముందు తేదీ చూస్తాను. 12 నెలలవీ ఒకే రోజు ప్రింటయితే నాకు కథ తెలిసిపోతుంది.

ఇక "అడ్జస్ట్‌మెంట్ 270" అని ఒంటరిగా కనిపిస్తే నా పెన్ను అక్కడే ఆగుతుంది. పక్కన అర పేజీ నోటు ఉంటే, ఏ రోజు ఏం జరిగింది, ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు పూడ్చారు, ఎవరికి చెప్పారు అని, చదివి ముందుకెళ్తాను. ఇన్నేళ్లలో ఒక్క తప్పూ లేని పుస్తకం చూసినప్పుడే నాకు ఎక్కువ అనుమానం వచ్చింది. తప్పు దొరికి, దిద్దిన గుర్తు ఉన్న ఆఫీసులోనే పని జరుగుతోందని నమ్ముతాను.

బ్యాంకు నిల్వ కాగితం కూడా ఆఫీసువాళ్లు చేతికిస్తే దాంతో సరిపెట్టుకోను, బ్యాంకు నుంచే అడుగుతాను. ఎందుకో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో ఉన్నట్టు చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేవని ఒప్పుకున్న ఉత్తరం అది. అప్పుడు నేను హైదరాబాద్‌లో సీఏ ఆర్టికల్స్ (ట్రైనింగ్) చేస్తున్నాను. మా ఆఫీసు అంతా టీవీ ముందు నిలబడిపోయింది. ఆ రోజు నుంచి బ్యాంకు కాగితం నాకు బ్యాంకు నుంచే రావాలి.

సిటీసివిల్_శ్రీధర్
2019 నవంబర్‌లో షేర్ల బ్రోకర్ కార్వీ సంగతి కూడా మన ఊరిదే. క్లయింట్ల షేర్లు తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకున్నారని సెబీ తేల్చింది. ఆ తర్వాతే 2020లో తాకట్టు పద్ధతి మారి, షేర్లు క్లయింట్ ఖాతాలోనే ఉండేలా చేశారు. పరుల సొమ్ము పాము వంటిదని మా అమ్మమ్మ అనేది.

కొత్తిల్లు_కిరణ్
హైదరాబాద్‌లో మా అన్నయ్య ఫ్లాట్ బుక్ చేశాడు. అక్కడ కూడా ఇలాంటి ఖాతా ఉంటుందా?

సిటీసివిల్_శ్రీధర్
రెరా చట్టం, 2016. కొనుగోలుదారుల నుంచి వచ్చిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు విడి ఖాతాలో వేయాలి. స్థలం ఖర్చుకీ నిర్మాణానికీ తప్ప తీయకూడదు. తీయాలంటే ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ పని ఎంత పూర్తయిందో ధ్రువీకరించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లో ఆడిట్ జరగాలి. మీ అన్నయ్యని రెరా సైట్‌లో ఆ ప్రాజెక్టు పేరు వెతికి, పెట్టిన పత్రాలు చదవమనండి.

టార్నీట్_మాధురి
అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. వాసుగారూ, మీరు నా మంచికే అంటున్నారని తెలుసు. కానీ ఎర్రపెన్ను గారు చెప్పిన అర పేజీ నోటు మాట నా మనసులో నాటుకుంది. ఇప్పుడే లాయర్ గారికి మెయిల్ రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

బ్యాంకు_బాబాయ్
క్షమాపణతో మొదలుపెట్టకు తల్లీ. తేదీతో మొదలుపెట్టు. "ఆగస్టు 6న వచ్చిన 5,472కి 5,742 అని రసీదు రాశాను" అను. అందులో "నేను" అనే పదం దాచకు. తర్వాత 27న జరిగింది. తర్వాత ఇవాళ చేయాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

సోలో_సుధ
మెయిల్‌లో ఆయన్ని తప్పుపట్టే మాట ఒక్కటీ పెట్టవద్దు. సెక్షన్ నంబరు మాత్రం పెట్టు. నేను ఆయన స్థానంలో ఉంటే, ఉద్యోగి నాకు ఈ మెయిల్ పంపితే మొదటి పది నిమిషాలు కోపం వస్తుంది, తర్వాత జీతం పెంచాలనిపిస్తుంది. ఆ లైసెన్సు పోతే ఆయన బతుకు పోతుంది. నువ్వు కాపాడుతున్నది దాన్నే.

టార్నీట్_మాధురి
రెండు రోజుల తర్వాత వస్తున్నాను.

మెయిల్ చదివి గదిలోకి పిలిచారు. మొదట గట్టిగానే అరిచారు, అడ్జస్ట్‌మెంట్ అని చెప్పాక మళ్లీ ఎందుకు తవ్వావని. నేను రెండు కాగితాలూ బల్ల మీద పెట్టాను, బ్యాంకు లైనూ రసీదూ. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "27న పంపే ముందు నేను కూడా చూడలేదు కదా" అన్నారు. అప్పటికప్పుడు ఆఫీసు అకౌంట్ నుంచి 270 వేయించారు. నోటు మీద ఇద్దరం సంతకం పెట్టాం. బోర్డుకి నోటీసు ఆయనే పంపారు, అందినట్టు సమాధానం వచ్చింది.

ఆ క్లయింట్‌కి ఫోన్ చేశాను. పెద్దాయన. "ఎక్కువ వచ్చిందని చూశానమ్మా, ఇన్ని రోజులు మీ దగ్గర ఉంది కదా, వడ్డీ అనుకున్నా" అన్నారు!

పారమట్టా_ప్రసాద్
మూడు వారాలకి 270 వడ్డీ ఇచ్చే బ్యాంకు ఉంటే నాకూ చెప్పమనండి ఆయన్ని.

ఎర్రపెన్ను
శభాష్ మాధురి గారూ. చాలామంది క్లయింట్లకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సాధారణ ట్రస్ట్ అకౌంట్‌లో పడే వడ్డీ క్లయింట్‌కి రాదు, లాయర్‌కీ రాదు. విక్టోరియాలో అది పబ్లిక్ పర్పస్ ఫండ్‌కి వెళ్తుంది. డబ్బు లేనివాళ్లకి లాయర్ సాయం చేసే లీగల్ ఎయిడ్ లాంటివాటికి అందులోంచి ఇస్తారు. పెద్దాయనకి ఆ మాట చెప్పండి, సంతోషిస్తారు.

ఆ నోటు, రసీదు, మెయిల్ మూడూ ఆగస్టు ఫైల్లోనే ఉంచండి. 7 ఏళ్లు ఉంచాలి.

వెరిబీ_వాసు
మాధురి గారూ, నేను వేరేలా చెప్పినందుకు బాధగా ఉంది. మీ ఉద్యోగం నిలబడింది, సంతోషం. నేను భయపడింది అదొక్కటే.

టార్నీట్_మాధురి
అయ్యో వాసుగారూ, అందులో బాధేముంది. మీలాగే మా ఇంట్లో అందరూ అన్నారు.

ఇకనుంచి రెండు పద్ధతులు పెట్టాం. రసీదు ఫొటో చూసి రాయను, బ్యాంకులో డబ్బు పడ్డాక ఆ లైను చూసే రాస్తాను. డబ్బు వెనక్కి పంపే ముందు రెండో మనిషి బ్యాంకు లైను చూసి టిక్ పెట్టాలి. కొత్త బ్యాంకు నంబరు మెయిల్‌లో వస్తే, ఫైల్లో ముందే ఉన్న ఫోన్ నంబరుకి చేసి అడగాలని సుధ గారు విడిగా మెసేజ్ పెట్టారు. దొంగ మెయిళ్లతో సెటిల్‌మెంట్ డబ్బు దారి మళ్లించేవాళ్లు ఉన్నారట. అదీ చేర్చాం.

తెనాలి_అమ్మాయి
ఆ పెద్దాయన 270 తిరిగి ఇచ్చారా మాధురీ?

టార్నీట్_మాధురి
ఇచ్చారు. నిన్న ఆఫీసుకే వచ్చారు, చెక్కు పట్టుకుని. రసీదు రాసి చేతికిచ్చాను. ఆయన ఎదుటే అంకెలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. ఆయన కూడా నాతో పాటు చదివారు. రెండు, ఏడు, సున్నా.

తెనాలి_అమ్మాయి
మా నాన్నకి ఇలా ఒక్కసారి ఎవరైనా చదివి వినిపించి ఉంటే.

సోలో_సుధ
ఈ చర్చ చదివాక నిన్న రాత్రి కూర్చుని నా పాత నెలలన్నీ నేనే తీశాను, ప్యాకేజీవాళ్లు పంపినవి. జూన్‌లో ఇంకో 18 డాలర్ల బ్యాంకు చార్జీ దొరికింది. రేపు పొద్దున్నే వేసి, నోటు రాస్తాను. ఎర్రపెన్ను గారూ, ఇది నేను లా సొసైటీకే చెప్పాలి కదా, సిడ్నీ కాబట్టి?

ఎర్రపెన్ను
అవును, న్యూ సౌత్ వేల్స్‌లో లా సొసైటీకే. రేపు పొద్దున్న కాదు సుధ గారూ, నోటు ఇప్పుడే రాసి పెట్టుకోండి. డబ్బు రేపు బ్యాంకు తెరవగానే.